కాచిన డప్పు

అరవై ఒకటో మనిషి కూడా బొత్తాం నొక్కలేదు.

ఆయన పేరు బాలమల్లు. డెబ్బై రెండేళ్ళవాడు. యాభై ఏళ్ళు జనగామ బజారులో బట్టలు కుట్టి, మిషను మూలకు పెట్టి ఇంట్లో కూర్చున్నవాడు. ప్రయోగశాలలో సరూప ఆయన ఎడమ మణికట్టుకు ఒక కడియం తొడిగింది. దానిమీద శనగగింజంత ఎర్ర బొత్తాం ఉంటుంది. దాన్ని ఎవరికి వాళ్ళే, తమ కుడి బొటనవేలితో, మూడు నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. అంతే పని. గంటన్నర గడిచినా బాలమల్లు వేలు ఒళ్ళోంచి లేవలేదు.

"నొక్కాలె అనిపిస్తుందా పెద్దయ్యా?" అని అడిగింది సరూప.

"నువ్వు నొక్కుమంటే నొక్కుత బిడ్డా."

"నేను చెప్తే పనికిరాదు. నీకే అనిపియ్యాలె."

"నాకేం అనిపిస్తది? మంచిగనే ఉన్న గదా."

ఎదురుగా తెరమీద చనిపోయిన ఆయన భార్య ఫోటో పెట్టారు. పెళ్ళినాటిది. బాలమల్లు దానివైపు చాలాసేపు చూసి, "మంచి మనిషి" అన్నాడు, పక్క వాడలో ఎప్పుడో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు. తరవాత టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ప్రయోగశాలకు పెద్ద శేషాచారిగారు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. "పోనీలెండి సరూపగారూ" అన్నాడు.

ఆ మాట వింటే సరూపకు ఒళ్ళు మండుతుంది. ఆ కాలానికి జాతీయగీతమంటూ ఉంటే ఆ ఒక్క మాటే. ఎన్నికల్లో ఓడినవాడూ అదే అంటున్నాడు, గెలిచినవాడూ అదే అంటున్నాడు. శేషాచారిగారు మంచివాడే. ఒకప్పుడు బల్ల గుద్ది వాదించేవాడు, గుద్దిన చేతికి కట్టు కట్టించుకున్న రోజు కూడా ఉంది. ఇప్పుడాయన చెవి వెనక కూడా గింజ ఉంది.

ఆ గింజ పుట్టింది ఈ గదిలోనే. దాని పేరు నిమ్మళం. చెవి వెనక చర్మం కింద పెట్టే బియ్యపు గింజంత వస్తువు. మనసు మరీ పొంగినప్పుడు దాన్ని కిందికి దించుతుంది. మొదట్లో దుఃఖం ఓపలేక ప్రాణం తీసుకోబోయేవాళ్ళకు పెట్టారు. వాళ్ళు బతికారు. అది చూసి పరీక్షల భయమున్నవాళ్ళు వచ్చారు, అత్తాకోడళ్ళు జంటగా వచ్చారు, చివరికి ఏ బాధా లేనివాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా వచ్చారు. ఊళ్ళకు ఊళ్ళు నెమ్మదించాయి. కొట్లాటలు పోయాయి, మంచిదే. పెళ్ళిళ్ళలో బ్యాండు పోయింది, పోనీలెమ్మన్నారు. వానకు రోడ్డు కొట్టుకుపోతే జనం చుట్టూ తిరిగి వెళ్ళారు గానీ ఒక్కడూ అర్జీ పెట్టలేదు. సరూపకు తెలిసిన ఒక కుర్రాడు తాను ఇష్టపడిన అమ్మాయి కాదంటే "సరే" అని బస్సెక్కాడు. మనసు మార్చుకుని వెనకే వచ్చిన అమ్మాయి, బస్సు కదలడం చూసి తానూ "సరే" అనుకుని ఇంటికి పోయింది.

భయానికీ ఆశకూ వేరు ఒకటేనని, ఒకదాన్ని కోస్తే రెండోది కూడా వాడిపోతుందని సరూపకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. గింజ తీసేసినా లాభం లేదు. ఏళ్ళ తరబడి వదులైన నరం తనంతట తాను బిగుసుకోదు. అందుకే ఏడేళ్ళు కష్టపడి ఈ కడియం తయారుచేసింది. దీనికి కాక అని పేరు పెట్టుకుంది. ఇది గింజను ఆపి, ఆ నరాన్ని కొద్దికొద్దిగా వెచ్చబెడుతుంది. కానీ ఒక మెలిక ఉంది. లోపల ఎంతో కొంత నిప్పు ఉంటే ఇది ఊదగలదు, లేని నిప్పును అంటించలేదు. మొదట్లో ఒక ఆటో డ్రైవరు చేతిమీద వేరేవాళ్ళు నొక్కి చూశారు. తన ప్రమేయం లేకుండా వచ్చిపడిన భయాన్ని మోయలేక ఆ మనిషి నాలుగు రోజులు మంచం కింద దాక్కుని, గింజ మళ్ళీ పెట్టమని కాళ్ళు పట్టుకున్నాడు. అప్పటినుంచి నియమం ఇది: ఎవరి బొత్తాం వాళ్ళే, తమకు అనిపించి, నొక్కాలి.

కోరిక లేని రోగానికి మందు తెచ్చి, కోరిక ఉంటేనే వేసుకోవాలని చెబితే ఎవరు వేసుకుంటారు?

"పైవాళ్ళు కార్తీకం దాకా చూస్తామన్నారు. తరవాత ఈ విభాగం మూసేస్తారట. బావున్న జనాన్ని ఎందుకు కదిలించడం అంటున్నారు" అన్నాడు శేషాచారిగారు.

"మీరేమన్నరు సార్?"

"సరేనన్నాను."

*

ఇంటికి వచ్చేసరికి రాజనర్సు అన్నం వండి, కూర చేసి, వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి నవ్వాడు. "వచ్చినవా. కాళ్ళు కడుక్కో, తిందాం" అన్నాడు.

ఏ ఆడది చూసినా సరూప అదృష్టవంతురాలనే అంటుంది. మొగుడు విత్తనాల గోదాములో ఉద్యోగం చేస్తాడు, ఇంట్లో సగం పని చేస్తాడు, గొంతు పెంచడు, తాగడు, అలగడు. కానీ సరూప ఒకసారి మూడు రోజులు వరసగా కూరలో ఉప్పు వేయలేదు. "ఎట్లుంది?" అంటే "మంచిగనే ఉంది" అన్నాడు. నాలుగోనాడు గుప్పెడు వేసింది. మంచినీళ్ళు తాగుతూ తిని, "మంచిగనే ఉంది" అన్నాడు. ఆ రోజు ఆమె స్నానాల గదిలోకి పోయి నల్లా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ పని ఆమెకు కొత్త కాదు.

నిమ్మళాన్ని స్వయంగా తయారుచేసేవాళ్ళకు గింజ పెట్టుకునే హక్కు లేదు; సంతకాలు పెట్టే శేషాచారిగారి లాంటి పెద్దలకు ఆ అడ్డు లేదు. ఉప్పు చూడాల్సిన నాలుక మొద్దుబారితే ఎలా? అందుకని ఊరంతా చల్లబడ్డాక కూడా సరూప ఒక్కతే మండుతూ ఉండిపోయింది. ఆమెకు ఎవరితోనైనా పోట్లాడాలని ఉంటుంది. అంతకన్నా ఎక్కువగా, ఈ మనిషితో పోట్లాడాలని ఉంటుంది.

ఎందుకంటే ఈ రాజనర్సు ఒకప్పుడు ఊళ్ళో అందరికన్నా గట్టిగా మోగిన మనిషి. తాత తండ్రుల నుంచి డప్పు వాయించే ఇల్లు వాళ్ళది. సరూపది మగ్గాల వాడ. ఇద్దరూ ఇష్టపడ్డారని తెలిసి ఆమె మేనమామలు కర్రలు పట్టుకుని వాళ్ళ ఇంటిమీదికి వెళ్ళారు. ఇరవై మూడేళ్ళ రాజనర్సు ఆ రాత్రికి ఊరు విడిచిపోతాడని అంతా అనుకున్నారు. తెల్లవారి ఎండ నెత్తికెక్కే వేళ, నాలుగు బాటలు కలిసేచోట నిలబడి, వెనకటి రోజుల్లో ఊళ్ళో కబురు చాటినట్టు డప్పు కొట్టి చాటింపు వేశాడు. "ఇనుండ్రి అయ్యలారా, అమ్మలారా! వచ్చే బేస్తారం నాడు రాజనర్సుకు, మగ్గాలవాడ సరూపకు లగ్గం! దీవించేటోళ్ళు రాండ్రి, కొట్టేటోళ్ళు గూడ రాండ్రి, ఇద్దరికీ అన్నం పెడ్త!" అప్పటికి చాటింపులు పోయి చాలా ఏళ్ళయింది. జనం ముందు నోరు తెరిచారు, తరవాత నవ్వారు. నవ్విన జనం ముందు కర్ర ఎత్తడం మేనమామలకు చేతకాలేదు. బేస్తవారం నాడు ఆ ముగ్గురిలో ఇద్దరు వచ్చి భోంచేసి వెళ్ళారు కూడా.

దడపుట్టి వణుకుతూనే కొట్టానని ఆయన తరవాత ఆమెతో చెప్పాడు. డప్పు కొట్టే కర్ర, సిర్ర, పట్టుకున్న కుడిచెయ్యి వణికితే, ఆ వణుకు కూడా దరువులో కలిసిపోయిందట.

వాళ్ళకు ఒక్కతే కూతురు. నవత. డప్పుకు ఎడమచేత్తో వాడే సన్నటి సిటికెన పుల్ల పట్టుకోవడం తండ్రి నేర్పితే పళ్ళేలమీద, బిందెలమీద, పడుకున్న పిల్లిమీద కూడా దరువు వేసేది. తొమ్మిదో ఏట మూడు రోజుల జ్వరంతో పోయింది.

బిడ్డను తనే సాగనంపుతానన్నాడు రాజనర్సు. చొప్పమంట వేసి డప్పు కాచాడు. కాచిన డప్పు మెడలో వేసుకుని నిలబడ్డాడు గానీ చెయ్యి లేవలేదు. ఒక్క దెబ్బ కూడా పడలేదు. డప్పు చల్లారిపోయింది, పిల్లను మట్టి చేసి వచ్చారు. మూడోనాడు తెల్లవారుజామున ఆయన రైలుపట్టాల వైపు నడుస్తుంటే సరూప పరుగెత్తి పట్టుకుంది. అప్పటికి నిమ్మళం ఇంకా ఆసుపత్రులు దాటి బయటికి రాలేదు. ఆమె బల్ల సొరుగులో రెండు గింజలుండేవి. "పెట్టనా?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాడు. ఆమె తన చేత్తోనే పెట్టింది.

ఆ రోజు మొగుణ్ణి దక్కించుకున్నాననుకుంది. పదకొండేళ్ళుగా నవత కోసం ఒక్కతే ఏడుస్తోంది.

*

ఆ ఏడు భాద్రపదంలో ముసురు పట్టి పది రోజులు ఎండ మొహం కనబడలేదు. గోడకు చెమ్మ ఎక్కింది. గోడకు వేలాడుతున్న డప్పుమీద బూజు పట్టడం చూసి, తోలు కుళ్ళిపోతుందని సరూప దాన్ని దించింది. పెరట్లో రేకుల కింద రెండు మోపుల చొప్ప అంటించి, డప్పును మంటకు పట్టింది. వేలితో తడితే మెత్తగా, తడిబట్టను కొట్టినట్టు ఉంది. ఎక్కడ వదులో అక్కడే కదా వేడి కావాలి! నడిమధ్యన మంట తగిలేలా పట్టుకుని నిలబడింది.

రాజనర్సు మంచంమీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాడు. చూశాడు. మళ్ళీ పల్లికాయలు ఒలిచాడు. మళ్ళీ చూశాడు. తోలు కమురు వాసన వచ్చింది. ఆయన చేతిలో కాయ పగలకుండా ఆగిపోయింది.

"నడుమ పెడ్తున్నవేందే!"

సరూప ఉలిక్కిపడింది. రాజనర్సు లేచి వచ్చి డప్పు లాక్కున్నాడు. అడగలేదు, లాక్కున్నాడు. "నడుమ కాస్తే పగుల్తది. అంచు కాయాలె, అంచు! తోలు చుట్టుకట్టెను పట్టుకున్న కాడ బిగిస్తే నడుమ దానంతటదే బిగుస్తది. గీ మాత్రం తెల్వదా, ఇన్నేండ్లు నా ఇంట్ల ఉండి?" అంటూ డప్పును మంటకు మూరెడు దూరంలో ఏటవాలుగా పట్టి, చక్రంలా తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చెవి పెట్టి విన్నాడు. కాసేపటికి తోలు టంగుమంది.

"ఇగో. అయింది" అని ఆమె చేతికిచ్చాడు. మొహం మళ్ళీ చదునైపోయింది. వెళ్ళి పల్లికాయలు ఒలుచుకున్నాడు.

సరూప అక్కడే కూలబడింది. పదకొండేళ్ళ తరవాత మొగుడు తిట్టాడు. పండగ చేసుకోవాలనిపించింది ఆమెకు. కానీ ఆమె సైంటిస్టు కూడా. ఆ రాత్రి కంటిమీద కునుకు లేకుండా ఒకటే ఆలోచన. అరవై ఒక్కమందికి తను చూపించింది ఏమిటి? భార్య ఫోటో, బిడ్డ ఫోటో, పెళ్ళినాటి పాట. అన్నీ నడిమధ్యవే. నిమ్మళం కాపలా కాసేది అక్కడే. అంచుల్లో, చేతికి అలవాటైన పనిలో, తప్పు చూస్తే చిరచిరలాడే చోట దాని కాపలా లేదు.

*

మర్నాడు సరూప ఒక చొక్కా ఎడమ చెయ్యి విప్పి కుడివైపు, కుడి చెయ్యి విప్పి ఎడమవైపు వంకరటింకరగా కుట్టింది. నేతపని వాళ్ళింట్లో పుట్టినందుకు ఆమె ప్రాణం ఉసూరుమంది. బాలమల్లును మళ్ళీ ప్రయోగశాలకు పిలిపించి, కడియం తొడిగి, దాన్ని ఆయన ముందు పెట్టింది.

"ఎట్లుంది పెద్దయ్యా?"

"మంచిగనే..." అని ఆగాడు. చొక్కా తిప్పాడు. చంక దగ్గర కుట్టు మీద గోరు పెట్టి గీశాడు. "ఎవడు కుట్టిండు దీన్ని?"

"నేనే."

"ఎడమ చెయ్యి కుడికి అతికిచ్చినవ్! దీన్ని తొడుక్కుంటే మనిషి చేతులెత్తి దండం పెట్టుకుంట తిరగాలె! కత్తెర తే. ఏడున్నది కత్తెర?" అంటూ బల్లంతా తడిమాడు. "నీ కోటు కాలరు సుత తప్పే. మొన్న వచ్చిన్నాడే చూసిన, ఊకున్న. ఎందుకు ఊకున్న?" అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. కడియం వైపు చూశాడు. "గీ బొత్తాం నొక్కితే ఊకోకుండ ఉంటనా?"

"ఉంటవ్. గని భయం వస్తది పెద్దయ్యా. బాధ వస్తది. చెప్తున్న, ఒట్టిగ చెప్తలేను."

బాలమల్లు నొక్కాడు. మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో పెదవులు అదిరాయి. మూడో నిమిషంలో కళ్ళలోంచి బొటబొట నీళ్ళు కారాయి గానీ వేలు వదల్లేదు. అయిపోయాక లేచి నిలబడి, "నాకు డెబ్బై రెండేండ్లు! సచ్చిపోత గదా!" అని అరిచాడు. గది చుట్టూ తిరిగాడు. "నేను సముద్రం సూడలే! నా పెండ్లాం అడిగింది, రేపు మాపు అన్న, తీస్కపోలే!" తెరమీద ఫోటో ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే వెనక్కి తిరిగి, శేషాచారిగారి ప్యాంటు రెండంగుళాలు పొట్టి అని, అట్లాంటి ప్యాంటు కుట్టినవాణ్ణి బజార్లో నిలబెట్టాలని తీర్పు చెప్పాడు.

శేషాచారిగారు తన ప్యాంటు కింద అంచు వైపు చూసుకున్నాడు. ఈసారి పోనీలెండి అనలేదు.

తరవాతి పది రోజుల్లో పద్నాలుగుమంది నొక్కారు. వంటమనిషికి మాడిన తాలింపు చూపించారు, లెక్కల పంతులుకు తప్పు లెక్క, వడ్రంగికి కదిలే కుర్చీ. నొక్కినవాళ్ళెవరూ సుఖపడలేదు. పంతులు చీకటంటే భయపడుతున్నాడు. వంటమనిషి ఇరవై ఏళ్ళుగా మాట్లాడని చెల్లెలి ఇంటికి పోయి, గుమ్మంలో నిలబడి, తిట్లు తిని, అక్కడే ఉండిపోయింది. బాలమల్లుకు నిద్ర పట్టడం లేదు. ఒకరోజు మచిలీపట్నం నుంచి ఫోన్ చేశాడు. "బిడ్డా, నీళ్ళల్ల మోకాళ్ళ దాక దిగిన. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఇంకొంచెం లోపలికి పోత" అన్నాడు. భయం లేని రోజుల్లో ఆయనకు ధైర్యంతో పనే పడలేదు.

విభాగం మూయరాదని పైనుంచి ఉత్తరం వచ్చింది. అందరూ సరూపను మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఒక కడియం సంచిలో వేసుకుని రోజూ ఇంటికి తీసుకెళ్ళి, రోజూ వెనక్కి తెస్తోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం రాజనర్సు భోంచేసి పడుకున్నాడు. నిద్రలో ఎడమ చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. సరూప కడియం తీసి ఆ చేతికి తొడిగింది. ఆయన కుడి బొటనవేలు పట్టుకుని బొత్తాం దాకా తెచ్చింది. మూడు నిమిషాలు. అంతే. కానీ ఆ వేలు ఆమె వేళ్ళ మధ్య పసిపిల్లవాడి వేలులా నమ్మకంగా ఉంది. ఒకసారి ఈయన్ని అడిగీ అడగనట్టు అడిగి మార్చేసింది. రెండోసారి కూడానా? అందులోనూ, ఎవరి కోసం? ఆయన బాధపడటం లేదు. తనకు ఏడవడానికి తోడు లేదు, అదీ అసలు సంగతి. కడియం విప్పి సంచిలో పెట్టేసింది.

*

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ళ పేరున బియ్యం, కూరగాయలు ఇచ్చి, వాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టే అమావాస్య. సరూప పొద్దున్నే నవతకు ఇష్టమైన సర్వపిండి కాల్చి, ఆకులో పెట్టి, కడియం తెచ్చి మంచం పట్టెమీద ఆయన పక్కన ఉంచింది.

"దీని సంగతి నీకెరుకే" అంది. "బొత్తాం నొక్కితే నవత యాదికొస్తది."

"యాదికున్నది గదా."

"ఉన్నది గని నొస్తలేదు. పదకొండేండ్ల నొప్పి ఒక్కపాలే వస్తది. గంత నొప్పి వస్తదని తెలిసి గూడ చెప్తున్న. నాకు నువ్వు గావాలె. గట్టిగ అరిచేటి నువ్వు గావాలె. గని నీకు వద్దనిపిస్తే నేను మల్ల అడగ."

రాజనర్సు కడియాన్ని చూసి, ఆమెను చూసి, మెత్తగా నవ్వాడు. "నీ ఇష్టం" అన్నాడు.

"ఆనాడు గూడ గదే అన్నవ్. ఈసారి నా ఇష్టం గాదు."

సరూప లేచి పెరట్లోకి వచ్చింది. బొత్తాం సంగతి అలా ఉంచి, ఈరోజు బిడ్డ పేరున డప్పు మోగాలి. ఎవరూ వాయించకపోతే తనే వాయిస్తుంది. చొప్ప అంటించి, మూరెడు దూరంలో అంచు పట్టి, తిప్పుతూ కాచింది. టంగుమన్నాక మెడలో వేసుకుంది. సిర్ర కుడిచేతికి, సిటికెన పుల్ల ఎడమచేతికి తీసుకుంది. ఆమెకు వచ్చిన దరువు ఒకటే ఒకటి. ఆ రోజు నాలుగు బాటల కూడలిలో విన్నది, ఇన్నేళ్ళూ గుండెల్లో కొట్టుకుంటూ ఉన్నది. అదే కొట్టింది, తప్పుగా, తడబడుతూ, కన్నీళ్ళతో.

మంచం కిర్రుమంది.

"గదేం దరువే?" రాజనర్సు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నొసలు ముడిపడింది. "గది సాటింపు దరువు. లగ్గానికి కొట్టింది. పోయిన పోరికి కొట్టేది గది గాదు."

"నాకు గిదే వస్తది. నువ్వు కొట్టలేదు గదా, ఎట్ల తెలుస్తది?"

ఆయన నొసలు ఇంకా ముడిపడింది. "కొట్టలే" అన్నాడు నెమ్మదిగా. "కాచిన. మెడల ఏసుకున్న. కొట్టలే. కాచిన డప్పు కొట్టకుండ గోడకు తగిలియ్యద్దని మా నాయిన అంటుండె. నేను తగిలిచ్చిన." చేతుల వైపు చూసుకున్నాడు, పని సగంలో వదిలేసిన మనిషిలా. "పని ఆగిపోయింది సరూపా. గా పని ఆగిపోయింది."

ముసురుగాలికి డప్పు తోలు అప్పుడే వదులవుతోంది. ఆయన వేలితో తట్టి చూశాడు. "సల్లారుతుంది" అని చిరాకుపడ్డాడు. గబగబా లోపలికి పోయి కడియం తొడుక్కుని వచ్చాడు. సరూప నోరు తెరిచే లోపలే బొటనవేలు బొత్తాం మీద పడింది.

ఆమె నిమిషాలు లెక్కపెట్టింది. మొదటి నిమిషం. రెండో నిమిషంలో ఆయన గోడను ఆనుకున్నాడు. "వదలాలనుకుంటే వదులు, నర్సూ" అంది ఆమె. ఆయన తల అడ్డంగా ఊపాడు. వేలు గోరు తెల్లబడింది. మూడో నిమిషం నిండుతుంటే ఆయన గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. పదకొండేళ్ళ కిందట శ్మశానంలో రావలసిన అరుపు అది.

"నవతా! బిడ్డా!"

నేలమీద పడి మట్టి పిడికిళ్ళతో పట్టుకుని ఏడ్చాడు. సరూప ముట్టుకోబోతే చెయ్యి విదిల్చికొట్టాడు. "నువ్వే పెట్టినవ్! నా బిడ్డను నా గుండెలకెళ్ళి తీసినవ్! నన్ను అడగకుండ!"

"అడిగిన. నీ ఇష్టమన్నవ్."

"గప్పుడు నాకు మతిలేదు! నీకుండె గదా!"

"నాకు గూడ లేదు! పిల్ల పోయింది, నువ్వు పట్టాల దిక్కు పోతున్నవ్. నేనేం జెయ్యాలె? చెప్పు! నేనేం జెయ్యాలె?"

పోట్లాడుకున్నారు. ఇన్నేళ్ళ పోట్లాట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పోట్లాట. సర్వపిండి ఆకు దగ్గర కాకులు అరుస్తున్నా పట్టించుకోలేదు. చివరికి ఇద్దరికీ గొంతులు పోయాయి. రాజనర్సు మోచేత్తో ముక్కు తుడుచుకుని, అప్పుడే మొదటిసారి చూసినట్టు ఆమెను చూశాడు. నెరిసిన జుట్టు చూశాడు. కళ్ళ కింద నలుపు చూశాడు.

"ఇన్నేండ్లు నువ్వొక్కదానివే ఏడ్చినవా?"

ఆమె తల ఊపింది. "బాత్రూంల. నల్లా ఇప్పి."

"నీళ్ళ చప్పుడు ఇనబడుతుండె. తానం చేస్తుందనుకున్న" అని ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మంచిగనే ఉన్నదనుకున్న."

సరూప దగ్గరికి జరిగి కూర్చుంది. ఈసారి విదిలించలేదు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఇంత బాధలో కూడా ఆమెకు ప్రాణం తేలికపడింది, అందుకు సిగ్గు కూడా వేసింది.

కాసేపటికి ఆయన లేచి డప్పు అందుకున్నాడు. తట్టి చూసి, చొప్ప వేసి, అంచు కాచాడు. మెడలో వేసుకున్నాడు. కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణుకుతోనే మొదటి దెబ్బ వేశాడు.

అది బిడ్డను సాగనంపే దరువు. నెమ్మదిగా మొదలై, నడకలా సాగి, ఒకచోట పరుగెత్తి, మళ్ళీ నడిచింది. సరూప వింటూ నవతతో పాటు ఆ దారి పొడవునా నడిచింది. గోడ అవతల ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఏ పిలుపు లేకుండా ఆ వాడలో పదిమంది ఒకచోట చేరి ఎన్నేళ్ళయిందో! పక్కింటి రాములమ్మ చాలాసేపు విని, "చెవులు చిల్లులు పడుతున్నయ్, జెర మెల్లగ కొట్టరాదు?" అని కసురుకుంది. కసురుకుని తనే ఆశ్చర్యపోయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"మెల్లగ కొట్ట!" అని అరిచాడు రాజనర్సు, కన్నీళ్ళ మధ్య నుంచి. ఇంకా గట్టిగా కొట్టాడు.

మళ్ళీ తుంపర మొదలైంది. తడిగాలికి తోలు వదులై మోత మొద్దుబారింది. ఆయన ఆగి, వేలితో తట్టి, మెడలోంచి డప్పు తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

"సల్లారింది. ఇంక సగం ఉన్నది. మల్ల కాచుకురా."

సరూప మంట వైపు వంగింది. డప్పును మంటకు దగ్గరగా పట్టబోయేసరికి వెనకనుంచి కేకేశాడు.

"అంచు!"

"తెలుసు తియ్" అంది సరూప, కళ్ళు తుడుచుకుంటూ, అంచు పట్టి తిప్పుతూ.